బ్రేకు డిస్కు హబ్బుకు పట్టేసిందా? సుత్తి ఎత్తే ముందు ఏది పట్టుకుందో చూడండి

మాది సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్ ఐ20 కారు. చెన్నైలో సముద్రం దగ్గర ఏడేళ్ళు తిరిగిన బండి. తిరుమల కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోందని ముందు చక్రాల డిస్కులు (బ్రేకు ప్యాడ్లు నొక్కి ఆపే, చక్రంతో తిరిగే ఇనుప పళ్ళేలు) రెండూ ఇంట్లోనే మార్చేదానికి పూనుకున్నా. గంటన్నరలో అయ్యే పని, రెండు ఆదివారాలు పట్టింది. ఎడమ పక్క డిస్కు హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) నుంచి రాకపోయేసరికి ఏది పట్టుకుందో చూడకుండా రెండు కేజీల సుత్తి అందుకున్నా. డిస్కు ఊడింది. నెల తిరక్కుండానే ఆ చక్రం బేరింగు గుయ్యిమని మోత మొదలుపెట్టింది. కుడి పక్క మాత్రం నూనె పోసి, రాత్రంతా వదిలేసి, రెండు బోల్టులతో నెడితే గట్టి దెబ్బ ఒక్కటి కూడా లేకుండా వచ్చేసింది.

తిరుపతిలో ఉప్పుగాలి లేదు గానీ ఈ తుప్పు బాధ మన బండ్లకూ ఉంది. చెన్నై నుంచి కొనుక్కొచ్చిన బండ్లు ఊరి నిండా ఉన్నాయి. 2021 నవంబరు వరదలో చక్రాలు మునిగేదాకా నీళ్ళలో నిలబడ్డవీ ఉన్నాయి. ఇవి రెండూ కాకపోయినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో నెలల తరబడి కదలకుండా వీధిలో నిలిపిన బండికి తుప్పు పట్టక మానదు.

డిస్కు మీద నారింజ రంగు పొర కనిపిస్తోంది

ఇది జబ్బే కాదు. డిస్కు పోత ఇనుముతో చేసింది, దానికి పెయింటు ఉండదు. వాన పడినా, బండి కడిగినా రాత్రికి రాత్రే పైన పొర కడుతుంది. పొద్దున బండి కదిలేటప్పుడు టక్కుమని ఒక శబ్దం రావచ్చు, అది ప్యాడు డిస్కు నుంచి విడిపడిన చప్పుడు. నాలుగైదు బ్రేకులకు ఆ పొర పోతుంది. మార్చాల్సింది ఎప్పుడంటే, అంచున గట్టులాంటి మెట్టు లేచినప్పుడు, గుంటలు పడినప్పుడు, లేదా మందం డిస్కు మీద చెక్కి ఉండే కనీస కొలత కంటే తగ్గినప్పుడు. ఆ కొలత ప్రతి బండికీ వేరు. తుడిచి చూస్తే డిస్కు మీదే 'మిన్' అనే అక్షరాల పక్కన కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

చదునైన నేల, వెనక చక్రాలకు రాళ్ళు, చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయడం. బండితో ఇచ్చిన జాకీ చక్రం మార్చేదానికి మాత్రమే. దాని మీద నిలబెట్టి బలంగా లాగితే బండి పక్కకు జారుతుంది. జాక్ స్టాండు (ఎత్తిన బండిని మోసే ఇనుప కాలు) తప్పనిసరి, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసి పెట్టండి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పాక దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడదీయకుండా స్ప్రింగుకు తీగతో కట్టండి. గొట్టం లోపల తెగితే పైకి కనిపించదు.

స్క్రూ తిరగదు, తల అరిగిపోతోంది

హ్యుందాయ్, హోండా బండ్లలో డిస్కును హబ్బుకు పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఉంటాయి. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. స్క్రూ తల డిస్కులోకి దిగి ఉంటుంది కాబట్టి నీళ్ళు అక్కడే నిలబడి తుప్పు కడుతుంది. పైగా చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే గాడి కాస్తా గుండ్రంగా అరిగిపోతుంది.

ముందు గాడిలో ఉన్న మట్టి, తుప్పు సూదితో గీకేయండి. ఫిలిప్స్ (ప్లస్ ఆకారం) 3 నంబరు బిట్టు వాడండి, 2 నంబరుది వదులుగా కూర్చుని గాడిని తినేస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి వెనక సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే లోపల పట్టు వదులుతుంది. అప్పటికీ రాకపోతే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ కావాలి. సుత్తితో కొట్టిన ప్రతి దెబ్బకూ అది బిట్టును లోపలికి నొక్కుతూనే కాస్త తిప్పుతుంది. స్పేర్ పార్ట్స్ అంగళ్ళలో దొరుకుతుంది. ఇంట్లో బండి పని చేసుకునేవాళ్ళు మొదట కొనాల్సిన సామాను ఇదేనని నా అభిప్రాయం.

గాడి పూర్తిగా పోయిందంటే డ్రిల్లుతో తల తీసేయండి. చిన్న బిట్టుతో నడిమధ్య గుంట వేసి, ఆ తర్వాత 8 మిల్లీమీటర్ల బిట్టు పెడితే తల ఊడి వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. డిస్కు తీశాక మిగిలిన మొండిని పట్టకారుతో తిప్పి తీయొచ్చు. బండి నడిచేటప్పుడు డిస్కును పట్టి ఉంచేది చక్రం నట్లు. ఈ స్క్రూ ఉన్నది చక్రం ఎక్కించేటప్పుడు డిస్కు జారకుండా చూసేదానికే.

అన్నీ విప్పేశాను, అయినా డిస్కు వెంట్రుకవాసి కదలడం లేదు

అన్నీ అంటే నిజంగా అన్నీనా? క్యాలిపర్ ఒక్కటే తీసి, దాన్ని మోసే బ్రాకెట్టు వదిలేసినవాళ్ళను చూశా. వెనక నుంచి రెండు పెద్ద బోల్టులుంటాయి, అవి తీస్తే గానీ డిస్కుకు దారి ఉండదు. అవి తీసినా కదలకపోతేనే అసలు తుప్పు.

హబ్బు నడుమ గుండ్రటి గట్టు ఒకటి ఉంటుంది. డిస్కు మధ్య రంధ్రం దాని మీద అతి తక్కువ సందుతో కూర్చుంటుంది. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ సందులో ఉబ్బడానికి చోటు లేక, డిస్కునూ హబ్బునూ ఒకే ముద్దలా బిగించేస్తుంది. కాబట్టి మనం పోరాడాల్సింది ఆ వలయంతో. అంచు పట్టుకుని ఎంత లాగినా లాభం లేదు.

వైర్ బ్రష్షుతో ఆ వలయం చుట్టూ, చక్రం స్టడ్డుల (నట్లు ఎక్కే కడ్డీల) చుట్టూ తుప్పు రాల్చండి. తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ సన్నగా, సందులోకే పోయండి. డబ్ల్యూడీ-40 మామూలు రకం పనికిరాదని అనను గానీ, తుప్పు కోసమే చేసినవి ఇంకా బాగా పాకుతాయి. పోసిన వెంటనే కొట్టడం దండగ. సాయంత్రం పోసి, డిస్కు తల (నడుమ ఎత్తుగా ఉండే భాగం) మీద స్టడ్డుల మధ్య చిన్న సుత్తితో టకటకమని తట్టండి. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. పడుకునే ముందు ఇంకోసారి, పొద్దున లేవగానే ఇంకోసారి. నూనె ప్యాడ్లకు అంటితే ఆ ప్యాడ్లు పారేయాల్సిందే, వాటిని ముందే పక్కన పెట్టండి.

పొద్దున డిస్కు తల జాగ్రత్తగా చూడండి. చాలా బండ్లకు స్టడ్డుల మధ్య మరలున్న రెండు రంధ్రాలు కనిపిస్తాయి. తుప్పుతో పూడిపోయి ఉండొచ్చు. అవి ఈ పనికే పెట్టినవి. సుజుకి తన బండ్లకు ఇచ్చిన పద్ధతి కూడా రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులతో డిస్కును బయటికి నెట్టడమే. మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు ఉన్న ఎం8 (అంటే 8 మిల్లీమీటర్ల) బోల్టులు హార్డ్‌వేర్ అంగట్లో తేలిగ్గా దొరుకుతాయి. గట్టి రకం అడిగి తీసుకోండి. మరలకు రొంత గ్రీజు రాసి, రెండూ చేత్తో తిరిగినంత దూరం తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు. ఒకటే బిగిస్తూ పోతే డిస్కు వంకరగా ఎక్కి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బిర్రుగా అయినప్పుడు ఆపి, తల మీద రెండు దెబ్బలు తట్టి, మళ్ళీ తిప్పండి. ఇలా ఓపిగ్గా పోతుంటే ఒక్కసారిగా ఠప్పుమని విడిపోతుంది. మొదట విన్నప్పుడు ఏదో విరిగిందనుకుని భయపడ్డా. ఆ సమయానికి చక్రం నట్లు రెండు, నాలుగైదు చుట్లు ఎక్కించి ఉంచండి. లేదంటే డిస్కు ఎగిరి కాలి మీద పడుతుంది.

మరలున్న రంధ్రాలు లేవా? బ్రాకెట్టు తీసిన చోట నకల్‌కు (హబ్బును మోసే ఇనుప భాగానికి) రెండు చెవులుంటాయి. ఆ రంధ్రంలో దూరేంత పొడవాటి బోల్టు తీసుకుని, దానికి నట్టు ఎక్కించి, బోల్టు తల డిస్కు లోపలి ముఖాన్ని తాకేలా, నట్టు డిస్కు వైపు నుంచి చెవికి ఆనేలా పెట్టండి. నట్టు తిప్పేకొద్దీ బోల్టు డిస్కును బయటికి తోస్తుంది. కాస్త తోసి, డిస్కును పావు చుట్టు తిప్పి, మళ్ళీ తోయాలి. ఒకే చోట తోస్తే వంకర పోతుంది. ఎలాగూ పారేసే డిస్కుకైతే ఈ పద్ధతికి తిరుగులేదు.

సుత్తి గురించి నేను పడ్డ బాధ చెప్పాలి. డిస్కు మీద పడే దెబ్బ హబ్బు గుండా బేరింగు గుండ్లకు చేరి, అవి దొర్లే దారిలో సన్న నొక్కులు పడేస్తుంది. ఆ నొక్కులే తర్వాత మోత. డిస్కు మళ్ళీ వాడేదైతే ప్యాడు రుద్దే ముఖం మీద అసలు కొట్టొద్దు. పారేసేదైనా తల మీద, చుట్టూ తిప్పుతూ, చిన్న దెబ్బలే.

గ్యాస్ మంట చివరి మార్గం, ఇంట్లో దాని జోలికి పోవద్దనే నా మాట. పక్కనే రబ్బరు గొట్టం, చక్రం వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్ తీగ, బేరింగు సీలు ఉంటాయి. పోసిన నూనె అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ తడి మీద మంట పెడితే విషవాయువు పుడుతుంది. బోల్టులకు లొంగని డిస్కును వర్క్‌షాపులో చేయించుకోవడమే మేలు.

కొంచెం వచ్చి ఆగిపోయింది

సాధారణంగా నడిమి గట్టు అంచున తుప్పు దిమ్మ అడ్డం. డిస్కును వెనక్కి నెట్టి, ఆ అంచు బ్రష్షుతో తోమి, నూనె రాసి, మళ్ళీ లాగండి. వెనకున్న రేకు కవచం సుత్తి దెబ్బకు వంగి డిస్కుకు రాసుకుంటోందేమో కూడా చూడండి.

వెనక చక్రాలకు డిస్కులకు బదులు డ్రమ్ములున్న బండ్లలో మొదటి అనుమానం హ్యాండ్‌బ్రేకు మీద. అది దించారా? దించినా డ్రమ్ము రాకపోతే, అరిగిన డ్రమ్ము లోపల మిగిలిన గట్టుకు షూలు (డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపే ముక్కలు) తగులుకుని ఉంటాయి. వెనక ప్లేటులోని రంధ్రం గుండా అడ్జస్టరును వదులు చేస్తే షూలు లోపలికి పోతాయి. ఇక్కడా రెండు ఎం8 బోల్టుల పద్ధతి పనిచేస్తుంది. లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు, తడి గుడ్డతో తుడవండి.

కొత్త డిస్కు వేసినా వణుకు పోలేదు

హబ్బు ముఖం మీద మిగిలిన తుప్పు పలుకు కారణం కావచ్చు. డిస్కు పక్కకు ఊగేది 0.05 మిల్లీమీటర్లు దాటినా చాలా బండ్లలో వణుకు రావచ్చు. ఆ పలుకు దానికంటే మందంగా ఉండొచ్చు. వైర్ బ్రష్షు, ఎమరీ కాగితంతో హబ్బు మెరిసేదాకా తోమండి. స్టడ్డుల మొదళ్ళ చుట్టూ మరీ ముఖ్యం. తర్వాత గట్టు మీద రాగి రంగు యాంటీ సీజ్ పేస్టు పలచటి పూత వేయండి. మళ్ళీ మార్చే రోజున ఈ గోల ఉండదు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేకు క్లీనర్‌తో తుడిచేయండి. చక్రం నట్లు ఎదురెదురుగా, బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించండి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు కొట్టండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉన్నాం కాబట్టి మొదటి తొక్కుడుకు బ్రేకు ఉండదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 దాకా పదిసార్లు మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. ఆ రోజే కొండెక్కొద్దు. రెండు మూడు రోజులు ఊళ్ళో తిప్పాక, దిగేటప్పుడు రెండో గేరులో వచ్చి, అలిపిరి దాటాక బండి నిలిపి, ముట్టుకోకుండా రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి. ఒక పక్క వేడి ఎక్కువగా తగిలితే ఆ పక్క క్యాలిపర్ జారే పిన్నులు పట్టేసి ఉండొచ్చు, అలాగైతే అవి తీసి గ్రీజు పెట్టాలి.