వంటకి ఓపిక లేని రాత్రి ఉప్పుడు పిండి
ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిది దాటితే నేను కూరల జోలికి పోను, డబ్బాలో బియ్యపు రవ్వ ఉంటే ఉప్పుడు పిండి పెట్టేస్తాను. మందపాటి గిన్నెలో నూనె కాస్త ఎక్కువే వేసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, గుప్పెడు పెసరపప్పు వేయించి, గ్లాసు రవ్వకి 2 గ్లాసుల పైన ఇంకాస్త నీళ్లు, ఉప్పు వేసి మరిగించండి. రవ్వ పోశాక ఒక్కసారి కలిపి, మంట బాగా తగ్గించి, మూత పెట్టి 15 నిమిషాలు వదిలేయండి. మధ్యలో గరిటె పెట్టొద్దు! అప్పుడే అడుగున ఎర్రగా, కరకరలాడే చెక్కు కడుతుంది, మా పిల్లలు దానికోసమే పోటీ పడతారు. పొద్దున్న పప్పు మిగిలిందా? చింతపండు రసం, నీళ్లు పోసి మరిగించి ఇంగువ పోపు పెడితే పప్పుచారు. ఆవకాయ ఉంటే అదీ అక్కర్లేదు.