మొరాయించే లినక్స్ కంప్యూటర్: ముందు ఏం చూడాలి

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి తొందరపడకండి. తప్పు హార్డ్‌వేర్‌లో ఉంటే ఆ శ్రమంతా వృథా.

మెషిన్ నెమ్మదించినప్పుడే టెర్మినల్‌లో టాప్ (top) కమాండ్ నడిపి, పైవరుసల్లో 'డబ్ల్యూఏ' (wa) అంకె చూడండి. అది 20, 30 శాతం దాటి దిగకపోతే ప్రాసెసర్ డిస్కు కోసం ఆగుతోందని అర్థం. డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్‌తో డిస్కు రిపోర్టు తీయండి. హార్డ్ డిస్కులో 'కరెంట్ పెండింగ్ సెక్టర్' (డిస్కు సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) సున్నా కాకపోతే అన్నీ ఆపి, ముందు ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించండి. రిపేరు సంగతి ఆ తర్వాతే. పాడవుతున్న డిస్కుపై ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) నడిపితే మిగిలినవీ పోవచ్చు.

డిస్కు బాగుంటే, ర్యామ్ చాలక స్వాప్‌లోకి (ర్యామ్‌కు బదులు డిస్కులో వాడే చోటు) పోతుందేమో చూడండి. ఫ్రీ (free) కమాండ్‌లో 'అవైలబుల్' గడే చూడాలి. 'ఫ్రీ' గడి తక్కువున్నా భయం లేదు, ఖాళీ ర్యామ్‌ను లినక్స్ కాష్‌కు (చదివిన ఫైళ్లను తాత్కాలికంగా దాచడానికి) వాడుకుంటుంది.

మధ్యాహ్నాలే ఆగిపోతుంటే వేడిని అనుమానించండి. వరంగల్‌లో మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కలైతే పత్తి నూగు కూడా హీట్‌సింక్‌లో (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కలు) పేరుకుంటుంది. సెన్సర్స్ (sensors) కమాండ్ 90 డిగ్రీలు దాటి చూపిస్తే, ఫ్యాన్ తిరగకుండా పట్టుకొని దుమ్ము ఊదండి. అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది పెసర గింజంత పెట్టండి.

వేళాపాళా లేకుండా రీస్టార్ట్ అవుతుంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి.