కారం తినేవాళ్లకూ తినలేనివాళ్లకూ ఒకే పూట వండాలంటే

మిరప అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అక్కడికి చేరాకే అది మిగతా ప్రపంచానికి వచ్చింది. ఈరోజు కారానికి పేరుపడ్డ చైనాలోని సిచువాన్, థాయ్‌లాండ్, కొరియా, ఇథియోపియా వంటల్లో కూడా మిరప చరిత్ర ఐదారు వందల ఏళ్లకు మించదు. కారాన్ని తట్టుకోవడంలో పుట్టుకతో వచ్చే తేడాలు కొంత ఉన్నా, చాలావరకు అది చిన్నప్పటినుంచి అలవాటైన తిండిని బట్టి వస్తుంది. కాబట్టి వచ్చే అతిథి ఏ దేశంవారో చూసి కారం లెక్క కట్టకండి. ఆ మనిషినే అడగండి.

అడిగే తీరు కూడా ముఖ్యమే. “కారం తింటారా?” అంటే మర్యాద కోసం అందరూ తింటామనే అంటారు. “మీడియం” అన్నా ఉపయోగం లేదు, ఎవరి మీడియం వారిది. తెలిసిన వస్తువు పేరు పెట్టి అడగండి: హలపేన్యో (మెక్సికో పచ్చిమిర్చి) ముక్క నమలగలరా? అన్నంలోకి సన్నటి థాయ్ మిర్చి కొరుక్కుంటారా? మిరప ఘాటును లెక్కగట్టే స్కోవిల్ కొలతలో హలపేన్యో ఘాటు 2,500 నుంచి 8,000. థాయ్ మిర్చిది 50,000 నుంచి 1,00,000. హబనేరో మిర్చి 1,00,000 దగ్గర మొదలై 3,50,000 దాకా పోతుంది. హలపేన్యోని హాయిగా తినే మనిషి థాయ్ మిర్చికి కళ్లనీళ్లు పెట్టుకోవడంలో వింత లేదు. వసాబి (జపాన్‌వారి ఘాటైన పచ్చరంగు ముద్ద), ఆవ ఘాటు గురించి విడిగా అడగాలి. వాటి ఘాటు ముక్కుకెక్కుతుంది, అది పనిచేసే నరాల గ్రాహకం వేరు. సిచువాన్ మిరియం నాలుకను జిల్లుమనిపించి తిమ్మిరెక్కిస్తుంది. మిరపకు అలవాటుపడినంత మాత్రాన ఇవి కూడా పడతాయని అనుకోవద్దు.

మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది అంటుకునేది నోటిలో వేడిని పసిగట్టే గ్రాహకానికే. మామూలుగా ఆ గ్రాహకం సుమారు 43 డిగ్రీల వేడికి స్పందిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. వంటవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది: అదే కూర పొగలు కక్కుతుంటే ఎక్కువ మండుతుంది, గోరువెచ్చగా ఉంటే తక్కువ మండుతుంది. అలవాటు లేనివాళ్లకు వడ్డించి, పది నిమిషాలు ఆగి తినమనండి. తిండితో పాటు సోడా, మద్యం తాగితే మంట పెరుగుతుంది.

ఇక వంట. కారాన్ని కూరలో కలిపేయకుండా బల్ల మీదికి జరపడం అన్నిటికంటే మంచి పద్ధతి. థాయ్ భోజనంలో ఫిష్ సాస్‌లో (ఉప్పువేసి పులియబెట్టిన చేపల రసంలో) నానిన మిర్చి, మెక్సికోలో సాల్సా (మిర్చి పచ్చడి) విడి గిన్నెల్లో ఉండేది ఇందుకే. ఆరుగురికి సుమారు లీటరున్నర గ్రేవీ చేస్తుంటే, రంగు కోసం కారం లేని పాప్రికా రెండు టీస్పూన్లు వేసి ఆపండి. పచ్చిమిర్చి వాసన కావాలనుకుంటే రెండు కాయలను నిలువునా చీల్చి లోపలి తెల్లటి ఈనె మొత్తం గీకేయండి. క్యాప్సైసిన్ తయారయ్యేది ఆ ఈనెలోనే. గింజలకు ఉండే ఘాటు దాన్ని అంటుకుని వచ్చిందే కాబట్టి, గింజలు మాత్రమే తీసి ఈనె వదిలేస్తే కారం పెద్దగా తగ్గదు. కాయకూ కాయకూ ఘాటు మారుతుంది, ఒకే మొక్కవైనా సరే. కోసేముందు తొడిమ దగ్గరి చిన్న పలుకు నాలుకకు తాకించి చూడండి. కొన చూసి నిర్ణయిస్తే మోసపోతారు, అక్కడ ఘాటు తక్కువ.

బల్ల మీదికి రెండు గిన్నెలు చాలు. ఒకటి మిరప నూనె: 200 మి.లీ. నూనెను సుమారు 130 డిగ్రీలకు వేడిచేసి దించి, 30 గ్రాముల కచ్చాపచ్చా మిరప్పొడి మీద పోయాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పొడి వేసి చూడండి. సన్నగా నురగ రావాలి, పొడి నల్లబడకూడదు. నల్లబడితే చేదెక్కుతుంది, ఆ చేదును ఏదీ దాచలేదు. పచ్చి వెల్లుల్లి వేసిన నూనెను బయట ఉంచొద్దు, బొట్యులిజం (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. రెండోది పుల్లమిర్చి: తరిగిన పది కాయలు, 100 మి.లీ. వినెగర్, అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను పంచదార కలిపి అరగంట నాననివ్వాలి.

రుచి చూడడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మధ్యమధ్యలో చెంచాలకొద్దీ నాకుతూ ఉంటే నాలుక మొద్దుబారి, “ఇంకొంచెం పడాలి” అనిపిస్తుంది. ఇంకా, కారం నూనెలోకి దిగడానికి సమయం పడుతుంది. పొడి వేశాక పావుగంట ఆగి, ఒక్కసారే, వీలైతే కారం తక్కువ తినే మనిషి చేత రుచి చూపించండి.

పొరపాటున కారమెక్కిందా? బంగాళదుంప వేస్తే పీల్చుకుంటుందన్న మాటను నమ్ముకోవద్దు, దానివల్ల తగ్గేది స్వల్పం. మిరప వేయని గ్రేవీ అంతే కొలత కలపడమే గట్టి మందు. తర్వాతిది కొవ్వు: లీటరుకు 150 నుంచి 200 మి.లీ. కొబ్బరిపాలు లేదా క్రీమ్. పెరుగైతే పొయ్యి కట్టేసి, చిలికి కలపాలి, లేకపోతే విరుగుతుంది. పులుపు, తీపి మంటను కొంత కప్పుతాయి తప్ప తీసేయవు. కారం తగ్గించడానికి జీడిపప్పు, వేరుశనగ లాంటి పేస్టు కలిపేముందు అలర్జీల సంగతి కనుక్కోండి.

నోరు మండినవాళ్లకు చల్లటి పాలు ఇచ్చి, అర నిమిషం పుక్కిట పట్టమనండి. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుంటుంది. పాలు పడనివారికి చెంచాడు పంచదార. నీళ్లు చల్లగా ఉన్నంతసేపే ఉపశమనం, క్యాప్సైసిన్ వాటిలో దాదాపు కరగదు. మిర్చి తరిగిన చేతులకు ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

అలవాటు చేసుకోవాలనుకునేవారు ఇప్పుడు తేలిగ్గా తినగల మోతాదుకు కొద్దిగా పైన మొదలుపెట్టి, వారానికి మూడు నాలుగు రోజులు తింటూ, అది మామూలైపోయాకే పెంచండి. కొన్ని వారాలు పడుతుంది, మానేస్తే తట్టుకునే శక్తి మళ్లీ తగ్గుతుంది. నోటికి అలవాటైందని కడుపుకూ అలవాటైనట్టు కాదు. గుండెల్లో మంట, కడుపులో పుండ్లు ఉన్నవారు ఈ ప్రయత్నానికి దిగకపోవడం మేలు. పిల్లల్ని అసలు బలవంతపెట్టొద్దు. గిన్నె అందేంత దూరంలో పెట్టి, వాళ్లకు కావాల్సినంత వాళ్లనే వేసుకోనివ్వండి.