విశాఖలో ఫైనాన్స్ కెరీర్ కోసం తక్కువ ఖర్చుతో డిగ్రీ కాలేజీ ఎంచుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు రాగానే డిగ్రీ కాలేజీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఫీజేం కట్టక్కర్లేదండీ, అంతా రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది" అనగానే చాలా ఇళ్లలో నిర్ణయం అయిపోతుంది. ఆ ఫోన్ పెట్టేసి ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. ఫైనాన్స్‌లో ఏ ఉద్యోగం? జవాబును బట్టి కాలేజీ మారిపోతుంది.

బ్యాంకు ఉద్యోగమే లక్ష్యమైతే ప్రభుత్వ బ్యాంకుల నియామక సంస్థ ఐబీపీఎస్ పెట్టే పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్), క్లర్కు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. దానికోసం బీబీఏకి (బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ) అప్పుచేసి ఫీజు కట్టడం అనవసరం. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బి ఆఫీసర్ ఉద్యోగం మీద కన్నుంటే మాత్రం జనరల్ అభ్యర్థికి డిగ్రీలో 60 శాతం ఉండాలి. మొదటి సెమిస్టర్ మార్కులూ అందులో కలుస్తాయి, మొదటి ఏడాది తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ), సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) అయితే బీకామే సరైన దారి. అకౌంట్స్, లా, ఎకనామిక్స్ రెండుచోట్లా ఒకేసారి చదివినట్టవుతుంది. తర్వాత ఎంబీఏ చేసి కార్పొరేట్‌లోకి వెళ్లాలనుకుంటే బీబీఏ ఫరవాలేదు. 2024-25 నుంచి బీబీఏ ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చింది, కాబట్టి ఆ అనుమతి పత్రం చూపించమని అడగండి.

ఇక్కడ ఏటా కొందరు తల్లిదండ్రులు పడే పొరపాటు ఒకటుంది. బ్రోచర్‌లో "బీకాం సీఏ" అని చూసి చార్టర్డ్ అకౌంటెన్సీ అనుకుంటారు. అది కంప్యూటర్ అప్లికేషన్స్. అందులో కొన్ని పేపర్లు ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లకు పోతాయి. తప్పేం లేదు గానీ, తెలిసి చేరాలి. ఏ గ్రూపైనా ఆరు సెమిస్టర్ల సిలబస్ తీసుకుని కార్పొరేట్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఇన్‌కం ట్యాక్స్, జీఎస్టీ, ఆడిటింగ్ ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. రెండుకు మించి కనబడకపోతే ఆ గ్రూపు మీకు కాదు.

ఇప్పుడు ఖర్చు. ఫీజు ఒక్కటే చూడొద్దు, మూడేళ్ల లెక్క వేయండి. ఉదాహరణకు ఒక ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోయినా "ట్రైనింగ్ ఫీజు" పేరుతో ఏడాదికి 12,000, కాలేజీ బస్సుకు 20,000 అడిగారనుకుందాం. మూడేళ్లకు 96,000. ప్రభుత్వ కాలేజీలో ఫీజులు, ఆర్టీసీ పాసు కలిపి ఏడాదికి 8,000 అనుకుంటే మూడేళ్లకు 24,000. తేడా 72,000. ఆ డబ్బు సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష కోచింగ్‌కో, లాప్‌టాప్‌కో పనికొస్తుంది. గాజువాకలో ఇల్లుండి రుషికొండలో కాలేజీ అయితే రానూపోనూ దాదాపు 50 కిలోమీటర్లు. అలసట ఖర్చు కాగితం మీద కనపడదు, సెమిస్టర్ మార్కుల్లో కనపడుతుంది.

ప్రభుత్వ కాలేజీల్లో మద్దిలపాలెం డాక్టర్ వి.ఎస్. కృష్ణా కాలేజీ, అమ్మాయిలకైతే విశాఖ ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ముందు చూడండి. ఆ తర్వాత ఏవీఎన్, బుల్లయ్య, గాయత్రీ విద్యా పరిషత్ కాలేజీలు, అమ్మాయిలకైతే సెయింట్ జోసెఫ్స్ మహిళా కాలేజీ. డీమ్డ్ యూనివర్సిటీల్లో ప్రవేశం, ఫీజు వేరే దారి. రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే ఇల్లయితే వాటి జోలికి వెళ్లేముందు బాగా ఆలోచించాలి.

రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపుండాలి, హాజరు 75 శాతం తగ్గకూడదు. పొద్దున ద్వారకానగర్‌లో కోచింగ్ ముగించుకుని పది గంటలకల్లా కాలేజీలో ఉండగలరా అన్నది ఇక్కడే తేలుతుంది. కాలేజీ టైంటేబుల్, కోచింగ్ టైంటేబుల్ రెండూ తెచ్చి ఒకే కాగితం మీద రాసి చూడండి. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి, ఆదాయం 4.5 లక్షల లోపుంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 ఉంది. అయితే రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఇది తీసుకోకూడదు. ఏది ఎక్కువో లెక్కేసి ఒక్కదానికే వెళ్లండి.

డిగ్రీ సీట్లు రాష్ట్ర ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ ఓఏఎండీసీలో ఇంటర్ మార్కుల మీద కేటాయిస్తారు. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, కాలేజీలో రిపోర్టింగ్, ఇదీ వరుస. ఆప్షన్లు మీరే పెట్టుకోండి. "మా కాలేజీ ఒక్కటే పెడితే సీటు గ్యారంటీ" అని లాగిన్ వివరాలు అడిగేవాళ్లకు ఓటీపీ చెప్పొద్దు. నిజంగా ఇష్టమైనది మొదట, ఇంటికి దగ్గరి ప్రభుత్వ కాలేజీ చివర్లో ఉండేలా పది దాకా పెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకు ముందే సచివాలయంలో తీసిపెట్టుకుంటే చివరి రోజు పరుగులుండవు.

ఆప్షన్లు పెట్టేముందు పనిరోజున మధ్యాహ్నం రెండింటికి కాలేజీకి వెళ్లండి. కామర్స్ క్లాసులు జరుగుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మూడో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావని అడగండి. మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆడిట్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేశానంటే ఆ కాలేజీకి మార్కులు వేయండి. సర్టిఫికెట్ మాత్రం తెచ్చానంటే సందేహించండి.

"బీకాం ప్లస్ సీఏ కోచింగ్" ప్యాకేజీ ఇస్తామంటే కోచింగ్ ఫీజుకు విడిగా రసీదు, మానేస్తే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా అడగండి. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 40 శాతం, మొత్తంగా 50 శాతం రావాలి. ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ వాళ్లకు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ పేపరే గండం. ఆ పేపరు ఎవరు చెబుతారో, ఆయన ఒక క్లాసు విననిస్తారో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

చేరేరోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. వాటిని కాలేజీలు దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే చెప్పింది. టీసీ ఇవ్వక తప్పదు, ఇచ్చేముందు నాలుగు జిరాక్సులు తీసుకోండి.