ఫాస్ట్ బౌలర్ కన్నుతో కొత్త బ్యాటును సిద్ధం చేసుకోవడం

ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీ క్రికెట్ జట్టుకు 1952 నుంచి 1956 వరకు నాయకుడిగా ఉండి, ఆ ఐదేళ్లూ కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిపించిన స్టువర్ట్ సర్రిడ్జ్ ఫాస్ట్ మీడియం బౌలర్. ఇంటి వృత్తి మాత్రం బ్యాట్ల తయారీ. బ్యాటు ఎక్కడ దెబ్బతింటుందో అది చేసేవారికీ తెలుసు, దానిపైకి బంతి వేసేవారికీ తెలుసు. ఆయన రెండు పక్కలా ఉన్న మనిషి. కొత్త బ్యాటును సిద్ధం చేసుకునేటప్పుడు మనం కూడా బౌలర్‌లాగే ఆలోచించడం మంచిది: బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడే యార్కర్ తగిలేది కింది కొనకు, అతని నుంచి బయటికి వంగి పోయే అవుట్‌స్వింగర్ తగిలేది అంచుకు.

ఇంగ్లిష్ విల్లో మెత్తని చెక్క. తయారీలో రోలరు కింద నొక్కి బ్యాటు ముఖాన్ని గట్టిపరుస్తారు గానీ, అంచుల వంపుకూ కొనకూ ఆ ఒత్తిడి సరిగా అందదు. అందుకే మిగిలిన పని కొన్నవారిదే.

ముందుగా ముడి అవిసె నూనెను, మరిగించినది కాకుండా, ఒక చెంచాడు తీసుకుని ముఖానికీ అంచులకూ కొనకూ గుడ్డతో పలుచగా పట్టించి, రాత్రంతా పడుకోబెట్టి ఉంచాలి. మర్నాడు మరొక పూత చాలు. పిడి దిగిన వి ఆకారపు అతుకుకు నూనె తగలనీయకూడదు. ఎక్కువ నూనె తాగిన బ్యాటు బరువెక్కి బంతిని చురుగ్గా పంపదు. ప్రేమకొద్దీ చాలామంది చేసే పొరపాటు ఇదే.

తర్వాత చెక్క సుత్తితో, మొదట చాలా తేలికగా, రోజుకు కొంత చొప్పున బలం పెంచుతూ, అన్నీ కలిపి ఆరు గంటలసేపు కొట్టాలి. అంచుపై నిటారుగా కొడితే చీలుతుంది; సుత్తిని ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, బంతి అంచును రాసుకుని పోయినట్టుగా దెబ్బ వేస్తూ ఆ మూలను గుండ్రం చేయాలి. కొన దగ్గర ముఖంపై ఎక్కువసేపు కొట్టండి, కానీ అడుగుభాగాన్ని ఎన్నడూ నేరుగా కొట్టకండి.

ఆపై పాత తోలుబంతితో చిన్న చిన్న క్యాచ్‌లు ఇచ్చి చూడాలి. కొత్త బంతి తాకినప్పుడు సీమ్ (బంతి నడుమ ఉబ్బెత్తుగా ఉండే కుట్టు) గాట్లు లోతుగా పడుతుంటే బ్యాటు ఇంకా సిద్ధం కాలేదు. మళ్లీ సుత్తి పట్టవలసిందే. మన మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేసిన బ్యాటు మాత్రం, ఇంత శ్రమపడినా, ఎండిపోయి పెళుసెక్కుతుంది.