ఎండాకాలం జిమ్ము: బరువులతో పాటు విశ్రాంతినీ ముందే రాసిపెట్టుకోండి

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇంటర్ పరీక్షలు ముగిసి కుర్రాళ్లు గుంపులుగా జిమ్ముల్లో చేరేదీ అప్పుడే. రేకుల షెడ్డులో నడిచే జిమ్ములైతే సాయంత్రం ఆరైనా కాగుతూనే ఉంటాయి. అందుకే ముందు మార్చాల్సింది టైము. పొద్దున 5:30 నుంచి 7:30 లోపు ముగించేయండి. సాయంత్రం తప్ప కుదరదంటే ఎనిమిది దాటాక వెళ్లండి. రోజా ఉన్నవాళ్లు ఇఫ్తార్ అయిన గంటన్నర తర్వాత బరువులు పట్టడం మేలు.

వేడిలో ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా వెళ్తుంది. కండకూ కావాల్సింది ఆ రక్తమే. అందుకే జనవరిలో తేలిగ్గా లేచిన 100 కిలోల స్క్వాట్‌కే (భుజాల మీద బరువుతో తీసే గుంజీలకే) ఇప్పుడు గుండె దడదడలాడుతుంది. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాలూ సెట్లలో (ఆగకుండా చేసే విడతల్లో) మూడో వంతు తీసేయండి, సెట్టుకీ సెట్టుకీ మధ్య 3 నిమిషాలు ఆగండి. ఇంకో రెండు రెప్స్ (రెండుసార్లు ఎత్తడం) వస్తాయనగానే బార్ దించేయండి.

ఆ తర్వాత అసలు లెక్క మొదలవుతుంది. నాలుగైదు వారాలు గట్టిగా చేశాక ఒక వారం తేలిక వారం పెట్టుకోవాలి, దాన్నే డీలోడ్ అంటారు. 100 కిలోలతో 5 సెట్లు చేసేవాళ్లు ఆ వారం 80 నుంచి 85 కిలోలతో 2 సెట్లు చేసి ఇంటికెళ్లాలి. చాలామంది ఇక్కడే భయపడి చెడగొట్టుకుంటారు. నాలుగు రోజులకే చేతులు సన్నబడ్డాయని అద్దం ముందు కంగారు పడతారు. తగ్గింది కండ కాదు, కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దానితో ఉండే నీళ్లు. సరిగ్గా తిని మళ్లీ బరువులు పడితే కొద్ది రోజుల్లో తిరిగొస్తాయి. వారం రోజుల విరామానికి కండ కరిగిపోదు. అలసిన ఒంటి మీద ఆరో వారమూ బరువు పెంచితే మాత్రం భుజమో నడుమో పట్టేసి నెల రోజులు ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు.

ఆ తేలిక వారాన్ని పెళ్లిళ్ల వారంలో పెట్టుకోండి. విస్తరి ముందు కూర్చుని బొబ్బట్టు వద్దని లేవాల్సిన పని లేదు. పప్పు, కోడికూర ముందు తినండి, తర్వాత ఇష్టమైనవి తినండి. మర్నాడు శిక్షగా ఉపవాసం ఉండి గంటన్నర పరుగెత్తడం మాత్రం ఈ ఎండల్లో ప్రమాదం. మిగతా రోజుల్లో కిలో ఒంటిబరువుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ చాలు. దాన్ని చెనక్కాయలతోనే లాగాలని చూడొద్దు. 100 గ్రాముల్లో ప్రొటీన్ 25 గ్రాములున్నా నూనె దానికి రెట్టింపు దాకా ఉంటుంది.

రోజూ పొద్దున మంచం దిగకముందే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. మామూలు కంటే 8, 10 ఎక్కువగా రెండు రోజులు వరసగా వస్తే ఆ రోజు బరువులు వద్దు. రాత్రి కరెంటు పోయి నాలుగైదు గంటలే నిద్రపోయినా అంతే, లెగ్ డేను (కాళ్ల వ్యాయామాల రోజును) మర్నాటికి జరపండి.

వర్కౌట్‌కు ముందూ తర్వాతా చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే రెండు మూడు గంటల్లో 1.25 నుంచి 1.5 లీటర్లు కొద్దికొద్దిగా తాగాలి. అంతా ఉత్త నీళ్లే గుక్క తిప్పుకోకుండా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. ఉప్పేసిన మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ అయితే పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపి తాగకూడదు.

కొవ్వు కరిగిస్తాయంటూ ఇచ్చే ఫ్యాట్ బర్నర్లు, క్లెన్‌బ్యూటెరాల్ మందు, పోటీల ముందు ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి మింగే మాత్రలు ఎవరిచ్చినా ముట్టొద్దు. కొవ్వు కరగడానికని వాడే డీఎన్‌పీ (డైనైట్రోఫినాల్) అనే రసాయనం అయితే ఒంటి వేడిని లోపలి నుంచే పెంచి ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు.

కొత్తగా చేరినవాళ్లు, చాలా గ్యాప్ తర్వాత వచ్చినవాళ్లు మొదటి వారం ఒక్కో వ్యాయామం 2 సెట్లకు మించి చేయకూడదు. మొదటి రోజే పది సెట్లు కొడితే కండ విచ్చిపోయి, అందులోంచి రక్తంలో కలిసిన ప్రొటీన్ కిడ్నీలను దెబ్బతీయొచ్చు. చేతులు చాపలేనంత నొప్పి, వాపు ఉండి మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకుంటే కిడ్నీలకు ఇంకా చేటు.

ప్రతి జిమ్ములో ఐసు, బకెట్ నీళ్లు, తడి తువాళ్లు సిద్ధంగా ఉండాలి. ఎవరైనా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బగానే చూడండి. చెమట పడుతోంది కదా అని నిర్లక్ష్యం చేయొద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, మిగతావాళ్లు వెంటనే చొక్కా తీసి ఒళ్లంతా నీళ్లు పోయాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టి ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.