ఠంగుమనే ఉక్కు టార్గెట్: ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలి?

మా ఊరి బడిలో గంటంటే వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని ఇనప కడ్డీతో కొడితే పొలాల దాకా వినిపించేది. టెక్సాస్‌లో ఒక స్నేహితుడి పొలంలో మొదటిసారి ఉక్కు టార్గెట్‌ను తుపాకీతో కొట్టినప్పుడు నాకు ఆ గంటే గుర్తొచ్చింది. కాగితమైతే తూటా ఎక్కడ తగిలిందో నడిచి వెళ్ళి చూసుకోవాలి. ఉక్కు అక్కడికక్కడే జవాబు చెబుతుంది. ఇక్కడి వాళ్ళు ఇలా వేలాడే పలకను గాంగ్ అంటారు.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ వీసా నిషేధం వర్తించదు. సందేహం ఉంటే లాయర్‌ను అడిగాకే ముందుకు వెళ్ళండి, స్నేహితుల మాట మీద ఆధారపడకండి.

1. సరైన ఉక్కు కొనండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పాత ఇనప సామాన్ల కొట్లో దొరికే మెత్తని ఇనుము వద్దు. మెత్తని ఇనుముకు తూటా తగిలితే గిన్నెలాంటి గుంట పడుతుంది. తర్వాతి తూటా ఆ గుంటలో పడితే దాని ముక్కలు గుంట అంచు వెంట తిరిగి మీ వైపే వస్తాయి. నా మొదటి పలక అలాంటిదే. ఒక సాయంత్రం తూటా రాగి తొడుగు పెంకు ఒకటి వచ్చి నా కళ్ళద్దాలకు తగిలింది. అద్దం మీద గీత పడింది, కన్ను దక్కింది. ఆ పలకను ఆ రోజే తీసేశాను.

కావలసింది ఏఆర్500 ఉక్కు. బ్రినెల్ కొలతలో దాని గట్టితనం 500 దగ్గర ఉంటుంది, మామూలు ఇనుముది 120-150. గట్టి, నున్నటి ముఖానికి తగిలిన సీసం తూటా పొడిపొడిగా పగిలి, పలక ముఖం వెంట పక్కలకు చిమ్ముతుంది. మనల్ని కాపాడేది ఆ నునుపే.

పిస్టల్‌కు 3/8 అంగుళం మందం, 8 అంగుళాల గుండ్రటి పలక బాగుంటుంది. బరువు సుమారు 2.4 కిలోలు. లేజర్‌తోనో వాటర్‌జెట్‌తోనో కోసి, బోల్టు రంధ్రం పెట్టి అమ్మే పలకనే కొనండి. ఇంట్లో గ్యాస్ కటింగ్, వెల్డింగ్ చేస్తే ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు మెత్తబడిపోతుంది. మామూలు డ్రిల్ బిట్ దీని మీద అసలు పనిచేయదు.

2. స్టాండు

రెండు బై నాలుగు అంగుళాల సైజు చెక్కలు ఐదు, వాటిని పట్టుకునే సాహార్స్ బ్రాకెట్లు రెండు తెచ్చుకోండి. నాలుగు కాళ్ళు, పైన ఒక అడ్డకర్ర. చెక్క ఎందుకంటే, గురి తప్పి తగిలినా తూటా దాంట్లోంచి దూసుకుపోతుంది. గుండ్రటి ఇనప కడ్డీకి తగిలితే ఏ దిక్కుకు పోతుందో ఎవరూ చెప్పలేరు.

3. వేలాడదీయడం

గొలుసు బదులు దళసరి రబ్బరు బెల్టు ముక్కో, పాత ఫైర్ హోస్ ముక్కో వాడండి. తల గుండ్రంగా ఉండే క్యారేజ్ బోల్టును పలక ముందు నుంచి దూర్చండి. పలక వెనక మొదట గట్టి స్ప్రింగు, తర్వాత వాషర్, బెల్టు, మళ్ళీ వాషర్, చివర ఊడిపోని నైలాన్ నట్టు.

ఇప్పుడు కాస్త పక్కకు వెళ్ళి చూడండి. బరువంతా బెల్టుకు ముందు వైపు ఉంది కాబట్టి పలక అడుగుభాగం వెనక్కి జరిగి, ముఖం నేల వైపు వాలుతుంది. ఆ వాలు 15-20 డిగ్రీలు ఉండాలి. ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను పలకకు ఆనించి కొలవండి. తక్కువైతే స్ప్రింగు దగ్గర ఇంకో రెండు వాషర్లు వేసి బెల్టును పలక నుంచి ఇంకాస్త దూరం జరపండి. ఈ వాలు వల్లే ముక్కల్లో ఎక్కువ భాగం మట్టిలోకి పోతుంది.

4. చోటు, దూరం

వెనక తూటాను ఆపే ఎత్తైన మట్టికట్ట ఉండాల్సిందే. పక్కలకు కూడా ముక్కలు చిమ్ముతాయి కాబట్టి అటూ ఇటూ మనుషులు గానీ పశువులు గానీ ఉండకూడదు. టార్గెట్ కింద నేల మీద రాళ్ళుంటే ఏరేయండి. పిస్టల్‌కు కనీసం 10 గజాలు అంటారు, నేను 15 కంటే దగ్గరికి వెళ్ళను. సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బకు పేలే రకం) రైఫిల్‌కు 100 గజాలు. అంత దూరంలో తగిలిన తర్వాత ఆ శబ్దం మన దగ్గరికి రావడానికి పావు సెకను పైనే పడుతుంది. ఆ చిన్న ఎదురుచూపంటే నాకు ప్రాణం.

5. తూటాలు, రక్షణ

సీసం గుండె ఉన్నవి మాత్రమే వాడండి. అయస్కాంతం అంటుకునే తూటా అయితే పక్కన పెట్టేయండి. గ్రీన్ టిప్ (కొన పచ్చగా, లోపల ఉక్కు ఉండేవి), ఆర్మర్ పియర్సింగ్ (కవచాన్ని చీల్చేవి) రకాలు ఉక్కును తవ్వేస్తాయి. ఎయిర్‌గన్ ఇనప బీబీలు ఉక్కు మీద ఎప్పుడూ కొట్టకండి, అవి పగలకుండా నేరుగా వెనక్కి ఎగిరొస్తాయి. కాల్చేవాళ్ళే కాదు, చూడటానికి నిలబడ్డవాళ్ళు కూడా జడ్87+ గుర్తున్న (గట్టి దెబ్బను తట్టుకునే) కళ్ళజోడు, చెవులకు ఇయర్‌మఫ్‌లు పెట్టుకోవాల్సిందే. పిల్లలొస్తే వాళ్ళ సైజుకు సరిపడేవి ముందే కొనిపెట్టండి.

6. వాడకం

తెల్ల స్ప్రే పెయింట్ కొట్టండి, ప్రతి దెబ్బా బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు పలక ముఖాన్ని వేళ్ళతో తడిమి చూడండి. గోరు దిగేంత గుంట తగిలినా, పగులు కనిపించినా ఆ పలక పని అయిపోయినట్టే. వెల్డింగ్‌తో పూడ్చాలని చూడకండి. పలకను ముట్టుకున్న చేతులకు సీసం పొడి అంటుతుంది కాబట్టి, టిఫిన్ డబ్బా తెరిచే ముందు సబ్బుతో, చల్లటి నీళ్ళతో చేతులు కడుక్కోండి. ఆ బట్టలతోనే ఇంటికెళ్ళి చంటిపిల్లలను ఎత్తుకోకండి.